అమీర్‌పేటలో మ్యూజికల్ సిద్ధాంతం

తెలుగు కథ ఇక పాడక తప్పదని రెండువేల సంవత్సరం జూలైలో, ఒక ఆదివారం ఉదయం, అమీర్‌పేటలో ఏకగ్రీవంగా తీర్మానించాం. కోరం ఏడుగురు. హాజరూ ఏడుగురే.

తీర్మానం ప్రవేశపెట్టినవారు మా కథకుల సంఘం అధ్యక్షులు హనుమత్ప్రసాద్ గారు. పంజాగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. కంపెనీ పని మీద లండన్ వెళ్లి, అక్కడ పాటలతో నడిచే రంగస్థల నాటకం చూసి వచ్చారు. దాన్ని మ్యూజికల్ అంటారట. వెళ్లేటప్పుడు మామూలుగానే ఉన్నారు. వచ్చాక మాత్రం కథని 'నెరేటివ్' అంటున్నారు. సంఘం కార్యదర్శిని నేను, పేరు ఫణీంద్ర. అధ్యక్షులు ఏమంటే అదే రాసుకోవడం నా బాధ్యత.

సమావేశం ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో. జావా క్లాసు లేని ఆదివారాల్లో ఆ గది మాది. బోర్డు మీది ప్రోగ్రాం చెరపకూడదని ఆంక్ష. తెలుగు సాహిత్యానికి అడుగున జానెడు చోటు మిగులుతుంది.

"మొదటి అంకంలో ఆశ పాట. ఆఖర్న పదకొండింటి పాట. నెరేటివ్‌కి ఇవి రెండు స్తంభాలు," అన్నారు అధ్యక్షులు.

పదకొండే ఎందుకో ఎవరూ అడగలేదు. మాలో ఒక్కరూ మ్యూజికల్ చూసినవాళ్లు కాదు. ఆ మాట ఒప్పుకున్నవాళ్లూ లేరు. "ఆఖరి పాటైతే మరీ అద్భుతమండీ," అన్నాను నేను.

తర్వాత రత్నమాల గారు కథ చదివారు. ఆవిడ ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్. ముప్పై ఏళ్లు ముందు కూర్చుని తీగలతో ఫోన్లు కలిపిన బోర్డు తీసేసి కొత్త మెషీను పెట్టారు. అదే కథ. పత్రికల నుంచి రెండుసార్లు తిరిగొచ్చింది. మూడోసారీ వస్తే ఇక కలం పట్టనని ముందే చెప్పారు. చివర మూడు పేజీలు నాయిక మెషీన్ల మీద ఉపన్యాసమిస్తుంది.

"ఇక్కడ పదకొండింటి పాట పడాలి," అన్నారు అధ్యక్షులు.

"కథలో పాట ఎలా పెట్టనండీ?"

"అది మీ సృజన."

వెనకాల మైకు బాగుచేస్తున్న ఎలక్ట్రీషియన్ రాజనర్సయ్య తలెత్తాడు. అరవై ఏళ్ల మనిషి, సనత్‌నగర్ నుంచి వస్తాడు.

"జర ఒక్క మాట చెప్పొచ్చా సార్? ఖమ్మం, గుంటూరు దిక్కు నాటకాలల్ల నేను హార్మోనియం కొట్టెటోన్ని. దుఃఖమొస్తే మనిషికి మాట బందైతది. గక్కడ పద్యం ఎత్తుకోవాలె. గీమె మూడు పేజీలు మాట్లాడుతున్నది. గందుకే నాకు ఏడుపొస్తలేదు."

"నా కథలో పద్యాలు లేవు కదండీ," అన్నారు రత్నమాల గారు.

"పద్యం లేకుంటే పని పెట్టుండ్రి అమ్మా. ఆఖరి రోజు మీ చేతులేం చేసినయ్?"

ఆవిడ కాసేపు చేతుల వంక చూసుకున్నారు. "ఒక్కో తీగా పీకి, తుడిచి, పెట్టెలో పెట్టానండీ. ఆఖరి తీగ దగ్గర ఫోన్ మోగింది. 'ఒక్క నిమిషం, కలుపుతాను' అన్నాను. కలిపాను. వాళ్ల మాటలయ్యేదాకా అది పీకలేకపోయాను."

అధ్యక్షులు అనకపోయినా ఆ మాటలు నేను రాసుకున్నాను. తర్వాత ఒక వారపత్రికలో ఆ ముగింపుతోనే ఆవిడ కథ అచ్చయింది.

ఆ రోజు మాత్రం అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. "పద్యనాటకం మొరటు కళ. రాగం సాగదీయడమే తప్ప అందులో నెరేటివ్ ఏదీ?"

రాజనర్సయ్య వాదించలేదు. మైకు పరీక్షించే నెపంతో, భర్త అడవిలో వదిలేసిన రాణి పాడే పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదంలో అధ్యక్షులు కుర్చీలో ఇబ్బందిగా కదిలారు.

"అక్కడ కాదయ్యా, విరుపు ముందే రావాలి," అని కళ్లు మూసుకుని మూడో పాదం తనే అందుకున్నారు. ఆయన ఎడమచెయ్యి, భుజం మీద లేని పైటను సవరించింది.

రాజనర్సయ్య పద్యం ఆపేశాడు. "సార్, గా చెయ్యి నాకెర్క. ఆడవేషాలేసే తెనాలి సత్యం గారిది."

"మా నాన్న," అన్నారు హనుమత్ప్రసాద్ గారు. అంతవరకూ మాతో తన తండ్రి బ్యాంకు మేనేజరని చెప్పి ఉన్నారు. "ఆయన చీర కుచ్చిళ్లు నేనే సర్దేవాణ్ణి. లండన్లో మొదటి పాటకే ఆయన గుర్తొచ్చి, ఉండలేక బయటికొచ్చేశానండీ. మిగతాది అక్కడ అమ్మే పుస్తకం చూసి చెప్పాను."

ఎవరమూ నవ్వలేదు. పైగా పావుగంట తిరిగేసరికి మా సంఘంలో నాటకాల వంశం కానివాడు లేకుండా పోయాడు. ఒకరి మేనమామ నారదుడు. ఇంకొకరి పెదనాన్న ఏకంగా హరిశ్చంద్రుడు. వెనకబడటం ఇష్టంలేక, "మధిరలో కృష్ణుడి వేషమంటే మా తాతగారే," అన్నాను.

రాజనర్సయ్య మొహం వెలిగిపోయింది. "పేరేంది సార్?"

అబద్ధం పేరు సమయానికి తట్టలేదు. "శేషగిరిరావు గారు."

"పట్వారీ శేషగిరిరావు సారా? ఎర్కలేకేం. మేం వేషాలేసుకున్నంక డేరా పీకిపిచ్చి ఊరు దాటిచ్చిండు. కిరీటాలు సుత తియ్యనియ్యలే. రైలు స్టేషన్ దాక గట్లనే నడిచినం."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రాజనర్సయ్య నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. తొవ్వ పొడుగూత మస్తు జనం వచ్చిండ్రు సూడనీకి."