నయమైపోయిన నా చేతులు

"పేగు బాగుంటే చర్మం బాగుంటుంది. చర్మం బాగుంటే దేశం నిగనిగలాడుతుంది" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లు మోగిపోయాయి. పాల నుంచి తీసిన సహజ పెప్టైడ్ల పొడి తాగితే పేగులో వాపు తగ్గి, దాంతో ఒంటి మీది మంటా దురదా తగ్గుతాయట. పెప్టైడ్లంటే ప్రోటీను తాలూకు చిన్న ముక్కలని ఆరోగ్యశాఖ డైరెక్టరుగారు ఆయన చెవిలో ఊదారు. మంత్రిగారిది పెద్ద చెయ్యి.

"ముక్కలెందుకయ్యా? ప్రజలకి మొత్తం ఇచ్చేద్దాం" అన్నారు.

నేను ఆ డైరెక్టరుగారి ఆఫీసులో రికార్డు రూము గుమాస్తాని. పదేళ్లుగా రెండు చేతులూ ఎర్రగా, పొలుసులు పొలుసులుగా ఉంటాయి. దురద భరించగలను. నా మనవరాలు రోడ్డు దాటేటప్పుడు "గుచ్చుకుంటోంది తాతయ్యా" అని చెయ్యి లాగేసుకుంటుంది చూడండీ, అదే భరించలేను. ప్రయోగానికి మనుషులు కావాలనగానే పరుగెత్తుకెళ్లి పేరిచ్చాను.

ప్రయోగం మూడు నెలలు. ఫొటో దిగడానికి మంత్రిగారికి ఖాళీ వచ్చే గురువారం ఒక్కటే. డైరెక్టరుగారి బుర్ర పాదరసం.

"వాడిన తర్వాత ఫొటో ముందు తీసేద్దాం. వాడక ముందుది తర్వాత తీరిగ్గా తీసుకోవచ్చు."

"పొడి ఇంకా రాలేదు కదండీ?" అన్నాను.

"ఫొటోలో పొడి కనపడదు కదయ్యా."

నా చేతులకి దట్టంగా మేకప్ పట్టించారు. మంత్రిగారు వాటిని పట్టుకుని "పసిపిల్లాడి చేతులు" అని మెచ్చుకున్నారు. ఫొటో అయ్యాక రుమాలుతో తన చేతులు తుడుచుకున్నారు.

ఆ మేకప్ పడక తెల్లారేసరికి మోచేతుల దాకా వాచిపోయాను. డైరెక్టరుగారు చూసి ఎగిరి గంతేసినంత పని చేశారు.

"వాడక ముందు అంటే ఇలా ఉండాలి. కెమెరా పిలవండి."

మూడు నెలలకి పొడి వచ్చింది. లైన్లో మొదట నేనే. డైరెక్టరుగారు ఫైలు తిరగేశారు.

"నీకు నయమైపోయిందిగా?"

"ఒక్కసారి చేతులు చూడండి సార్."

ఆయన ఫైలే చూశారు. "మంత్రిగారి సంతకం కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి మందివ్వకూడదు."

"నేనసలు తాగందే?"

"తాగకుండానే నయమైంది. ఇప్పుడు తాగి చెడగొట్టుకుంటావా?"

సాయంత్రం మనవరాల్ని బడి నుంచి తీసుకొస్తుంటే మా ఆఫీసు గోడ మీద పెద్ద బోర్డు, దాని మీద నున్నటి రెండు చేతులు.

"ఎవరివి తాతయ్యా?"

"నావే."

అది బోర్డు చూసింది, నా చేతులు చూసింది.

"మరి వాటిని ఎవరికిచ్చేశావు?" అని, నా చొక్కా కొస పట్టుకుని రోడ్డు దాటింది.