ఏడో అత్త ఎనభై ప్లేట్లు

బుధవారం పొద్దున ఖియెమ్ మాస్టారు పెట్టుకున్న పని ఒక్కటే: ఏ పనీ చేయకపోవడం. మర్నాడు హనోయ్ నుంచి బోర్డు వాళ్ళు వస్తారు. ఆయన లెక్కని మెచ్చితే పరిశోధన గది ఆయనదే. మెచ్చకపోతే అందులోకి జిరాక్స్ మిషను వస్తుంది.

ఆ లెక్క కన్ థో ఊరి కాలేజీ క్యాంటీన్లో దొరికింది. అక్కడ నూకలన్నం, కాల్చిన పందిమాంసం అమ్మేది, ఇంట్లో ఏడో సంతానం కాబట్టి అందరూ ఏడో అత్త అని పిలిచే ఆవిడ. అన్నం అయిపోయిందా, మర్నాడు రెట్టింపు వండుతుంది. మిగిలిందా, ఒళ్ళు మండి ఇరవై ప్లేట్లే వండుతుంది. ఇరవై, నలభై, ఎనభై. ఎనభై ఎప్పుడూ మిగులుతాయి. మళ్ళీ ఇరవై. ఈ రోజు అంకెలోంచి రేపటి అంకె పుట్టే సమీకరణం రాసి, మూడడుగుల్లో బయల్దేరిన చోటికే రావాలని పట్టుబట్టి, మాస్టారు దాన్ని సాధించారు. "దారి తప్పినా మళ్ళీ ఈ చక్రంలోకే వస్తుంది" అని తొమ్మిదో పేజీలో రాశారు కూడా. ఈ రోజు నలభై. రేపు బోర్డు ముందు ఎనభై.

"ట్రూక్, రేపటిదాకా ఎవర్నీ కొత్తగా ఏమీ చెయ్యొద్దను" అన్నారు ఆఫీసులో పనిచేసే అమ్మాయితో.

ట్రూక్ వెళ్ళి కాలేజీలో అందరికీ, "తనిఖీ అట, ఎవరూ బయట కనపడొద్దట" అని చెప్పింది. పదకొండింటికి క్యాంటీన్లో ఈగలు తప్ప ఎవరూ లేరు. ముప్ఫై నాలుగు ప్లేట్లు అలాగే ఉన్నాయి. మిగిలితే రేపు ఇరవయ్యే! మాస్టారు కూర్చుని తినడం మొదలెట్టారు.

ఆరో ప్లేటుకి ఏడో అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం మాస్టారూ, ఇంట్లోంచి తరిమేశారా?"

"లేదత్తా... ఇవాళ రుచి... అదిరింది."

ఆ మాట కిటికీ దాటింది. "మాస్టారు ఆరు ప్లేట్లు లాగించారట!" పది నిమిషాల్లో గేటు దాకా వరుస. అన్నం అయిపోయింది. ఇంకో అరవైమంది గిన్నె గీకిన చప్పుడు మాత్రం విని వెళ్ళారు.

"రేపు రెండొందలు!" అంది అత్త, కళ్ళు మెరుస్తుంటే.

"వద్దత్తా! ఎనభై! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"నా పొయ్యికి లెక్క చెప్పడానికి నువ్వెవడివయ్యా? ముందు తిన్నది అరిగించుకో, పో!"

గురువారం బోర్డు పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ప్లేట్లు లెక్కపెట్టింది. "రెండొందలు. మీరు ఎనభై అన్నారు."

"నిన్న నేనే ఆరు తిన్నానండీ."

"ఎందుకూ?"

"లెక్క తప్పకూడదని."

ట్రూక్ టేపు పట్టుకుని, జిరాక్స్ మిషను కోసం గది కొలతలకి బయల్దేరింది.

అంతలో భోజనాల వేళ అయిపోయి, పొయ్యి దగ్గర గరిటె ఎగిరిపడింది. రుచి మామూలేనని నిన్ననే తెలిసిపోయి, సగం మంది రానేలేదు. నూట ఇరవై ప్లేట్లు మిగిలాయి. "మీ మొహాలకి రేపు ఇరవయ్యే!" అని అరిచింది అత్త.

పెద్దావిడ గబగబా తొమ్మిదో పేజీ తిప్పింది. ఒకసారి పేజీ వైపు, ఒకసారి అత్త వైపు చూసింది. "దారి తప్పి ఒక్కరోజే కదా అయ్యింది! అప్పుడే చక్రంలోకి వచ్చేస్తోంది. రేపు ఇరవై కళ్ళారా చూసి సంతకం పెడతాం."

శుక్రవారం సరిగ్గా ఇరవై ప్లేట్లే వచ్చాయి. గది మాస్టారిదే అయింది. వరుసలో ఇరవై ఒకటి, ఇరవై రెండు, ఇరవై మూడు బోర్డు వాళ్ళు. సంతకాలు ఖాళీ కడుపుతో పెట్టారు.