ఆచంద్రార్కం ఒక బంతి

మధ్యాహ్నమార్తాండుడు పడమటికి ఒక మెట్టు దిగి, సకలకార్యాలయసిబ్బందిసమూహం భోజనానంతరనిద్రతో ఘోరంగా పోరాడి ఓడిపోతున్న శుభవేళ, గాజుతలుపుల మేడ రెండో అంతస్తులో, ఊరి ఫౌండేషన్ వారి కార్యాలయమండపమందు, ఒకసారి కూర్చుంటే లేవనివ్వని సోఫాలో ముగ్గురు మహారథులు మోకాళ్లు గడ్డాలకు ఆనించుకొని ఆసీనులై యుండిరి. ఇంత చిన్న కథకు ఇంత ఆర్భాటం దేనికని ఈ కథకుణ్ణి ఇంట్లోవాళ్లు కూడా అడిగారు. ఏం చేస్తాం, గొంతు విప్పితే సమాసాలే వస్తున్నాయి.

నడుమ కూర్చున్నవాడు డ్రిల్లు మాస్టారు. ప్రచండవిజిల్‌ధారి, వంకరవరుసవిధ్వంసకుడు, ప్రార్థనాసమయగుసగుసభంజనుడు. రిటైరైనా ఆయన మెడలో విజిలూ, అదే తాడుకు బంతిలో గాలి కొట్టే సూదీ చొక్కా లోపల వేలాడుతూనే ఉన్నాయి. కుడిపక్క సందేహసముద్రుడైన లెక్కల మాస్టారు, ఎడంపక్క మందహస్తుడైన డ్రాయింగు మాస్టారు. ముగ్గురూ ఒకే బడిలో ఉద్యోగంలో చేరి అక్కడే ముసలివాళ్లయ్యారు.

ఇక యుద్ధకారణం. ఆ బడిలో మిగిలిన ఒకే ఒక్క ఫుట్‌బాల్, అనేకపాదతాడనజర్జరితదేహయై, ఒకనాడు అందరి ఎదుటా నోరు తెరిచేసింది. కొత్తది కొనే దిక్కు లేక ఆటల పీరియడ్‌లో పిల్లల్ని గదిలో కూర్చోబెట్టి చూచిరాత రాయిస్తున్నారన్న వార్త డ్రిల్లు మాస్టారి చెవిన పడింది. ఆ పూట ఆయనకు అన్నం సహించలేదు. ఆయన ఎవరితోనూ అనని సంగతి మరొకటి ఉంది. రిటైరైనప్పటినుంచీ ఆటల పీరియడ్ వేళకు ఆయన కాళ్లు వాటంతటవే వీధిగుమ్మం దాకా వెళ్లి, ఎటు పోవాలో తెలియక వెనక్కి వచ్చేవి.

ఒక బంతి కొనిచ్చి చేతులు దులుపుకుంటే, అది చిరిగాక మళ్లీ చూచిరాతే గదా. అందుకని ముగ్గురూ బడి పేరిట శాశ్వతనిధి స్థాపించాలని ప్రతిజ్ఞ పట్టారు. ఫౌండేషన్ వారి పద్ధతి ప్రకారం జమ అయిన అసలును ఎవ్వరూ ముట్టరాదు. దాని మీద వచ్చే రాబడితోనే బడికి కావలసింది ఏటేటా కొంటారు. అసలు మాత్రం ఆచంద్రతారార్కం అలా పడి ఉంటుంది. ముగ్గురి సొమ్మూ పోగేస్తే నిధికి కావలసినదాంట్లో సగమే తేలింది. అయితే ఈ సాయంత్రంలోగా బడులకు నిధి పెట్టేవారికి మిగతా సగం ఫౌండేషనే కలుపుతుంది. ఆఫీసు మూసేలోగా మూడు సంతకాలూ పడితే బంతి ఉంది, పడకపోతే లేదు.

నిధి దేనికోసమో ఒక్క వాక్యంలో చెప్పమని ఆఫీసు అమ్మాయి అడగగానే డ్రిల్లు మాస్టారు బంతులతో మొదలుపెట్టి, వలలు, తాళ్లు, పంపులు దాటి, ఇంకా అక్కడ లేని స్టేడియం మెట్లెక్కుతుండగా లెక్కల మాస్టారు అడ్డుపడ్డారు.

“ఒరేయ్, వచ్చేది ఒక్క బంతికే సరిపోతుంది. రాసినవన్నీ కొనలేకపోతే రేపు జవాబెవడు చెప్తాడు? ఏడాదికొక ఫుట్‌బాల్ అని రాయించు, చాలు.”

గోడగడియారం వైపు చూసి డ్రిల్లు మాస్టారు సరేనన్నారు. తొందరలో సరే అనడం ఆయనకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు.

డ్రిల్లు మాస్టారి సంతకం క్షణంలో అయింది. లెక్కల మాస్టారు షరతులన్నీ పైనుంచి కిందికీ, నమ్మకం కుదరక కిందినుంచి పైకీ చదివి సంతకం పెట్టేసరికి సూర్యుడు కిటికీ దాటాడు. మిగిలింది డ్రాయింగు మాస్టారు. ఆయన సంతకం అక్షరాలు కావు, ఒక చిలక. ముక్కు, కన్ను, రెక్క మీద ఈకలు, ఆఖరున తోక. అది పెట్టవలసింది అమ్మాయి చేతికిచ్చిన కంప్యూటరు గాజుపలక మీద, వేలితో. ఆ పలకేమో సంతకం కాసేపట్లో పూర్తికాకపోతే తనంతట తానే చెరిపేసుకుంటుంది. మొదటిసారి రెక్క దగ్గర మాయమైంది. రెండోసారి తోక దగ్గర. ఊరికే పేరు రాసినా చాలునని అమ్మాయి బతిమాలింది.

“పేరు ఎవరైనా రాస్తారమ్మా,” అన్నారు డ్రాయింగు మాస్టారు నిదానంగా. “తోక లేని చిలకని నేనెక్కడా వదల్లేదు.”

ఇంతలో వాచ్‌మన్ ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ అటే వస్తున్నాడు. చూచిరాత రాస్తూ కిటికీలోంచి మైదానం వైపు చూసే పిల్లలు డ్రిల్లు మాస్టారి కళ్లలో మెదిలారు. “ఓ వర్ణకుంచికావిశారదా! బాలలోకమంతయు నీ శుకపుచ్ఛాగ్రమున వేలాడుచుండ, ఈ జాగు నీకు ధర్మమా?” అని గర్జింపదలచెను గాని, నోట వచ్చింది మాత్రం ఇది:

“తోక తర్వాత పెట్టుకుందువుగానీ, ముందు కానీరా బాబూ.”

డ్రాయింగు మాస్టారు వినిపించుకోలేదు. మూడోసారి కన్నుకు పాప దిద్దుతున్నారు. అప్పుడు డ్రిల్లు మాస్టారు చొక్కాలోంచి మహాస్త్రం తీసి, బుగ్గలు పూరించి, ప్రళయఘనఘర్ఘరారావభీకరంబుగ ఊదిరి. వాచ్‌మన్ బిర్రబిగుసుకు నిలబడ్డాడు. ఎవరినీ లేవనివ్వని సోఫాలోంచి లెక్కల మాస్టారు లేచారు. ఉలిక్కిపడ్డ డ్రాయింగు మాస్టారి వేలు గాజు మీద ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్క గీత గీసింది. చిలకకు తోక వచ్చింది. కాస్త పొడుగైంది, అంతే. పలక దాన్ని మారుమాట లేకుండా స్వీకరించింది.

ఏడాది తిరిగింది. ఒక మధ్యాహ్నం బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు.

“మాస్టారూ, బంతి వచ్చింది. కానీ గాలి లేదు. పంపు కొందామంటే మీ నిధిలో ఆ మాటే లేదంటున్నారు ఫౌండేషన్ వాళ్లు.”

శాశ్వతనిధిసంస్థాపనధురంధరుడు ఫోన్ పెట్టేశాడు. సూర్యచంద్రులున్నంత కాలం ఆ బడికి ఏటా ఒక చదునైన బంతి వచ్చేలా తానే స్వహస్తాలతో ఏర్పాటు చేశాడన్నమాట. సిగ్గుతో చితికిపోయి భార్యకు చెప్పుకున్నాడు. ఆవిడ కూర తరుగుతూనే విన్నది.

“సైకిలు పంపు తలుపు వెనకాలే ఉంది. బంతికి వారం వారం గాలి తగ్గుతూనే ఉంటుందిగా, వెళ్లి కొట్టిరండి. ఈ వేళప్పుడు ఇంట్లో కూర్చుని మీరు చేసేదేముంది గనక!”

పంపు భుజాన గదలా పెట్టుకొని వీరుడు బయలుదేరాడు. ఈసారి కాళ్లు గుమ్మం దగ్గర ఆగలేదు. మైదానంలో పిల్లలు వంకరవరుసలో నిలబడి ఉన్నారు. ఆ వంకర చూడగానే ఆయన ప్రాణం లేచొచ్చింది. తాడున ఉన్న సూది బిగించి, ఆయాసపడుతూ గాలి కొట్టాడు. చూడవచ్చిన లెక్కల మాస్టారు పక్కన చేరి, తప్పు తనదేనని, ఫౌండేషన్‌కు వెళ్లి పంపు కూడా చేర్పిస్తానని నసిగారు.

“వద్దురా,” అన్నారు డ్రిల్లు మాస్టారు, చెమట తుడుచుకుంటూ. “అలాగే ఉండనీ.”

తరువాత విజిల్ ఊదారు. వరుస తిన్నగా అయింది. లోకులారా, వినండి, వినని వారికి చెప్పండి: చూచిరాతరాక్షసి ఆ పూటకు ఓడింది, బంతి నేలకు తగిలి మోకాలెత్తు లేచింది, మళ్లీ వారం గాలి తగ్గుతుంది, మాస్టారు మళ్లీ వస్తారు.