దానయ్యకు వినిపించే గొంతు

గురువారం పొద్దున దానయ్య వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ముందు ఆసుపత్రికి వెళ్లి, తన మతి బాగానే ఉందని డాక్టరు చేత కాగితం రాయించుకోవాలి. అది మేనేజరుకిచ్చి సెలవు పుచ్చుకోవాలి. రాత్రి బండెక్కి పార్వతీపురం పోవాలి. అక్కడ పైడమ్మ ఉంది. భార్య మొహం చూసి ఏడాది దాటింది.

దానయ్య రాయపూర్‌లో, దేవేంద్ర నగర్‌లోని ఒక బ్యాంకుకు కాపలాదారు. సొంత లైసెన్సు తుపాకీ ఉండబట్టి ఆ ఉద్యోగం వచ్చింది, అది ఉండబట్టే సెలవు రాకుండా పోయింది. అతను ఊరెళితే తుపాకీ కూడా ఊరెళ్లినట్టే. తుపాకీ లేకుండా పూటకు మించి బ్యాంకు తెరిచి ఉంచకూడదు. "నువ్వు లేకపోతే బ్యాంకే లేదు దానయ్యా" అని మేనేజరు భుజం తట్టినప్పుడల్లా అతను పొంగిపోయేవాడు. ఆ మాటకు సెలవు లేదని అర్థమని చాలా ఆలస్యంగా బోధపడింది.

పైడమ్మ ఊళ్లో అంగన్‌వాడీ ఆయా. చదువు రాదు గనక మాట్లాడి పంపేది. క్యాసెట్టు నిండా మాట్లాడి, రాయపూర్ వచ్చే రైల్వేవాళ్ల చేతిలో పెట్టేది. దానయ్య రోజూ డ్యూటీ దిగి, ఇంత వండుకు తిని, టేపురికార్డరు ముందు చేరేవాడు. ఆమె ఎక్కడ దగ్గుతుందో, ఎక్కడ నవ్వుతుందో, వెనకాల కోడి ఎక్కడ కూస్తుందో అతనికి కంఠతా వచ్చు. తిట్లు మొదలయ్యేచోట మాత్రం బొత్తాం నొక్కి ఆపి, మళ్లీ మొదటికి తిప్పేవాడు. కొన్నాళ్లు ఆ నవ్వు వినగానే ఏడుపొచ్చేది. మనిషి అక్కడ, గొంతు ఇక్కడ. ఈ బాధ పగవాడికి కూడా వద్దనుకునేవాడు.

ఆ మధ్య ఏదో ఊళ్లో ఒక కాపలాదారు పట్టపగలు బ్యాంకు ఫ్యానును కాల్చి పారేశాడట. దాంతో తుపాకీ పట్టిన ప్రతివాడికీ మతి పరీక్ష చేయించాలని పైనుంచి ఆర్డరు దిగింది. "పాసై రా, ఆరంగ్ బ్రాంచి నుంచి ఎవణ్నైనా సర్ది నీకు సెలవిస్తాను" అన్నాడు మేనేజరు.

బ్యాంకులో ఉన్న మరో తెలుగువాడు ప్యూను భీమారావు. పైడమ్మకు వరసకు తమ్ముడు, లోకజ్ఞానంలో అందరికీ అన్న.

"బావా, ఆ డాక్టరు కాడ ఎక్కువ మాటాడకు. అడిగిందానికే జవాబు సెప్పు, బస్. కతలు సెప్పేవంటే పిచ్చని రాసేత్తాడు. అబద్దం మాత్రం ఆడకు, అది ఆలకి ఇట్టే తెలిసిపోద్ది."

"నానెందుకాడతానురా!"

డాక్టరు పెద్దమనిషి. హిందీలో మెత్తగా అడిగాడు. "గదిలో ఎవరూ లేనప్పుడు ఎవరి గొంతైనా వినిపిస్తుందా?"

అబద్ధం ఆడకూడదు కదా. "వినిపిస్తుంది సార్" అన్నాడు దానయ్య.

డాక్టరు కలం ఆగింది. "రోజూనా?"

"రోజూ సార్. అన్నం తిన్నాక."

"ఎవరిది?"

"ఆడగొంతు సార్" అని దానయ్య సిగ్గుపడ్డాడు.

"ఏమంటుంది?"

"తిన్నావా అంటుంది. ఇంకెన్నాళ్లు, వచ్చెయ్ అంటుంది."

"మీకూ వెళ్లిపోవాలని ఉంటుందా?"

దానయ్య కళ్లు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్లలో ఈ ఊళ్లో ఈ మాట అడిగిన మొదటి మనిషి ఈయనే. "పొద్దున లేస్తే అదే ధ్యాస సార్."

డాక్టరు గొంతు తగ్గించాడు. "తుపాకీ గురించి ఏమైనా చెబుతుందా?"

ఈయనకెలా తెలిసిందా అని దానయ్య నోరు తెరిచాడు. ఎంత గొప్ప డాక్టరో అనుకున్నాడు. "చెబుతుంది సార్. దాన్ని మేనేజరు మొహాన కొట్టి వచ్చెయ్ అంటుంది."

డాక్టరు కుర్చీ కాస్త వెనక్కి జరిగింది. "అప్పుడు మీరేం చేస్తారు?"

"అక్కడే ఆపేస్తాను సార్. ఈమధ్య ఒక్కోసారి ఆగడం లేదు."

టేపురికార్డరు బొత్తాం పట్టేస్తోంది మరి. అది డాక్టరు అడగలేదు, దానయ్య చెప్పలేదు.

ఇంటిమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని మళ్లీ రమ్మని, అంతదాకా తుపాకీ ముట్టవద్దని చెప్పి పంపించాడు డాక్టరు. దానయ్య ఇంకా సైకిలెక్కకముందే ఆయన బ్యాంకుకు ఫోను చేశాడు.

తుపాకీ అప్పగించేద్దామని భుజాన వేసుకుని దానయ్య బ్యాంకులో అడుగుపెట్టేసరికి క్యాషియరు తన ఇనుప జాలీ గదికి లోపల గడియ పెట్టుకుని ఉన్నాడు. మేనేజరు కుర్చీ వెనక నిలబడి, "దానయ్య భాయ్, తుపాకీ అక్కడ పెట్టు. మెల్లగా" అన్నాడు. తూటాలున్న తుపాకీని బల్లమీద పెట్టకూడదని దానయ్యకు తెలుసు. తూటాలు తీయడానికి పద్ధతి ప్రకారం దాని మడత విప్పాడు. ఆ చప్పుడుకు డబ్బు కట్టడానికొచ్చిన జనమంతా నేలమీద బోర్లా పడ్డారు. వీళ్లకేమైందో పాపమని, తీసిన తూటాలు చేతిలో ఉండగానే వాళ్లను లేపబోయాడు. అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి.

పోలీసులొచ్చి తుపాకీ ఠాణాకు పట్టుకుపోయారు. "ఆరామ్ కరో దానయ్యా, నెల రోజులు చుట్టీ!" అన్నాడు మేనేజరు.

బుద్ధి ఉన్నన్నాళ్లూ దొరకని సెలవు పిచ్చి అనగానే దొరికింది. దానయ్య ఆనందం పట్టలేక మేనేజరును కావలించుకోబోయాడు. మేనేజరు బల్లకిందికి దూరాడు.

భీమారావు తూచి తూచి ఆలోచించి, పిచ్చివాడికి ఏదీ ముందుగా చెప్పకూడదని నిశ్చయించుకుని, పక్క ఎస్టీడీ బూత్ నుంచి ఊళ్లో కిరాణా కొట్టుకు ఫోను చేశాడు. "బావకి మతి సెడింది. తుపాకీ పోలీసులట్టుకుపోనారు. అక్కని ఎంటనే బయల్దేరమనండి." ఆ మాట కొట్టు నుంచి అంగన్‌వాడీకి చేరేలోపు పెరిగి పెద్దదై, దానయ్య బ్యాంకు మొత్తం కాల్చేశాడన్నంత అయింది. పైడమ్మ చేతిలో గరిటె అక్కడే వదిలేసి, మొగుడికిష్టమైన ఎండుచేపల బుట్ట చంకనెట్టుకుని స్టేషనుకు పరుగెత్తింది.

ఇవేవీ దానయ్యకు తెలియవు. ఠాణా పనిలో రాత్రి బండి తప్పిపోయింది. డాక్టరు ఇంటిమనిషిని తెమ్మన్నాడు గనక పైడమ్మనే తీసుకొద్దామని మర్నాడు పొద్దున ప్యాసింజరెక్కాడు. భుజాన తుపాకీ లేకపోతే ఒళ్లు ఇంత తేలిగ్గా ఉంటుందా అని ఆశ్చర్యపోయాడు.

అది ఒంటి లైను. ఎదురుబండి వచ్చేదాకా ప్యాసింజరును ఆరంగ్‌లో ఆపేశారు. దానయ్య ఒళ్లో టేపురికార్డరు పెట్టుకుని పైడమ్మను వింటున్నాడు. ఎదురుబండి వచ్చి పక్కనే ఆగింది.

"తిన్నావేటి?" అంది గొంతు.

దానయ్య నవ్వుకున్నాడు.

"ఓరయ్యా! ఈ బండిలో ఏటి సేత్తన్నావు?"

దానయ్య ఉలిక్కిపడ్డాడు. క్యాసెట్టులో ఆ మాట లేదు. గబగబా బొత్తాం నొక్కాడు. టేపు ఆగింది. గొంతు ఆగలేదు. డాక్టరు అనుమానమే నిజమేమో అనుకున్నాడు. భయపడుతూనే తల తిప్పి చూశాడు. ఎదురుబండి కిటికీ ఊచల్లోంచి చెయ్యి చాపి పైడమ్మ అరుస్తోంది.

అతను టేపురికార్డరుతో సహా ఇటు నుంచి దూకాడు, ఆమె అటు నుంచి దూకింది. రెండు బండ్లూ కూత పెట్టి వెళ్లిపోయాయి. దానయ్య ట్రంకు పెట్టె పార్వతీపురం పోయింది, పైడమ్మ ఎండుచేపల బుట్ట రాయపూర్ పోయింది. ఇద్దరికీ అవి గుర్తే లేవు.

పైడమ్మ అతని తల నిమిరి, కళ్లలోకి చూసి, "పిచ్చెక్కీసిందటగదా నీకు?" అంది.

"ఓలే, లేదే! నానేటి బాగానే ఉన్నాను."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "నన్ను సూసి ఏడాది దాటిపోనాది. ఇంకా ఎక్కనేదా?"

అడిగిందానికే జవాబు చెప్పమన్నాడు భీమారావు. దానయ్య అదే చేశాడు. ఆ ప్లాట్‌ఫారం మీదే ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మర్నాడు డాక్టరు గదిలో దానయ్య టేపురికార్డరు పెట్టాడు. పక్కనే పైడమ్మ మొదలుపెట్టింది. రెండు గొంతులూ కలిసి మేనేజరును తిడుతుంటే, డాక్టరు కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వి, దానయ్య మతికి ఏ లోటూ లేదని రాసిచ్చాడు.

ఆ కాగితం ఇస్తే మేనేజరు మర్నాడే డ్యూటీకి పిలుస్తాడు. దానయ్య నెల తిరిగేదాకా ఇవ్వలేదు. మతి బాగుందనడానికి అంతకంటే రుజువేం కావాలి?