గిజిగాడి గూడు, నక్క మీసం

ఒక పెద్ద అడవిలో చెట్టుకొక ఫోను, పుట్టకొక ఛానలు. అందరూ వీడియోలు పెట్టుకునే చోటు పేరు ఆకుగోడ.

అందులో బుల్లెబ్బాయి అనే గిజిగాడు గూళ్లల్లి చూపించేవాడు. గిజిగాళ్లలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట సగం గూడు అల్లి ఆగుతాడు, ఆడపిట్ట చూసి సరేనంటేనే మిగతాది. ఈమధ్య ఆడపిట్టలు కొమ్మలెక్కి చూడటం మానేసి ఆకుగోడలోనే ఎంచుకుంటున్నారు. వానలు ముదిరేలోగా ఎవరికీ నచ్చకపోతే బుల్లెబ్బాయికి ఈ ఏడు పెళ్లి లేనట్టే.

వాగొడ్డు తుమ్మచెట్టు మీద వాడు అల్లుతుంటే, కింద నక్క జంబయ్య వీడియో తీసి, చివర్లో తన మీసం చూపించి, ముందే పెట్టేశాడు. మర్నాడు బుల్లెబ్బాయి పెట్టింది నకలని తీసేశారు.

వాడు లబోదిబోమంటూ ఆకుగోడవాళ్ల నకళ్ల శాఖకి ఎగిరాడు. అధికారి తాబేలు కూర్మారావు. ముందు పెట్టినవాడిదే అసలని రూలు చూపించి, ఇంకోసారి పెడితే ఖాతా మూసేస్తామన్నాడు.

"అయ్యా, నక్క ఎక్కడైనా గూడల్లుతుందాండీ?"

"అది మా పని కాదు నాయనా. మాది తేదీలు చూడటం వరకే."

పైగా జంబయ్య పేరు పక్కన 'అసలైన గూటి కళాకారుడు' అని ముద్ర వేశాడు.

ఆ ముద్ర చూసి పొద్దున్నే పదకొండు ఆడపిట్టలు నక్క బొరియ ముందు వాలారు. గూడు బాగుందట, గుమ్మం మాత్రం తూర్పుకి తిప్పాలట. ఒకామె పీచు ముతకంది. అందరిలోకీ గడుసుది సిరిమువ్వ.

"మా కళ్లముందు అల్లండి బావగారూ. ముద్ర ఉందిగా, మొహమాటమెందుకు?"

జంబయ్య తుమ్మచెట్టెక్కాడు. ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నాయి. మూడుసార్లు వాగులో పడ్డాడు. నాలుగోసారి తడితోకతో తిన్నగా నకళ్ల శాఖకి పోయి, తాను కాపీ కొట్టానని రాసిస్తానన్నాడు.

కూర్మారావు తాపీగా అడిగాడు. "ముందు పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ."

"అయితే నీదే. వెళ్లి అల్లు."

గత్యంతరం లేక జంబయ్య పిట్టలందరినీ బుల్లెబ్బాయి దగ్గరికి తీసుకెళ్లి, మా గురువుగారని చెప్పాడు. బుల్లెబ్బాయి గుమ్మం తూర్పుకి తిప్పాడు. సిరిమువ్వ లోపలికెళ్లి చూసి, ఇక బయటికి రాలేదు.

మొదటి పెద్దవాన నాటికి గూడు పూర్తయింది. పీచు మోసింది శిష్యుడే.

నీతి: ఎవరి గూడైనా ఎత్తుకుపోవచ్చు, పెళ్లిచూపులు మాత్రం వాళ్లకే వదిలెయ్యాలి.