ఒంటి తుమ్ముకు ఆగిన బండి

తెల్లవారగానే బండి కట్టించి, ఏడాది కొడుకును రాజురా దవాఖానకు తీసుకుపోవాలని లక్ష్మీబాయి అనుకుంది. వాడికి ముక్కు కారుతోంది, ఒళ్లు కాలుతోంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోందో, తన భయానికి అలా కనిపిస్తోందో ఆమెకు అర్థం కావడం లేదు.

భర్త సమ్మన్న ఎడ్లను కట్టాడు. ఆమె బండిమీద కాలు పెట్టింది. పిల్లవాడు తుమ్మాడు.

"దిగు బిడ్డా," అంది అత్త సారక్క. "ఒంటి తుమ్ము. జరసేపు కూసొని పో."

కూర్చుంది. లేచింది. వాడు మళ్లీ ఒక్కటే తుమ్మాడు.

"జలుబు చేసినోడు తుమ్మక ఏంజేస్తడు అత్తా? కొత్త డాక్టరు గివన్నీ నమ్మడట."

"హైదరాబాదు రాష్ట్రంల నుంచి తీసి మనల్ని బొంబాయి రాష్ట్రంల కలిపిండ్రు, డాక్టర్ను మార్చిండ్రు. సర్కారు మారితే శకునం మారుతదా?"

సందు ఇరుకు. ముందున్న వీళ్ల బండి కదలక వెనక పత్తిబండ్లు బారులు తీరాయి. బండ్లవాళ్లంతా ఇంట్లోకొచ్చి పిల్లవాడి చుట్టూ మూగారు. జంట తుమ్మైతే దోషం లేదు కనుక, అందరి చూపూ వాడి ముక్కుమీదే.

పక్కింటి లస్మయ్య నస్యం డబ్బీ తీశాడు. "జర వాసన చూపిస్తే ఇంకోటి తుమ్ముతడు."

లక్ష్మీబాయి కొడుకును అటు తిప్పుకుంది. "నువ్వే చూస్కో మామా."

చూసుకున్నాడు, తుమ్మాడు. ఆ తుమ్ము పిల్లవాడి ఖాతాలోకి వస్తుందా రాదా అని పంచాయతీ మొదలైంది.

ఇంతలో జీపు హారన్ మోగింది. పక్క ఊరికి పోతున్న కొత్త డాక్టరు, దారి లేక దిగి వచ్చాడు. మరాఠీవాడే అయినా, తెలుగువాళ్లుండే సిరొంచలో పనిచేశాడు కనుక తెలుగు వచ్చు. అంగీ ఎత్తి పిల్లవాడి ఛాతీని చాలాసేపు చూశాడు. అంతసేపూ లక్ష్మీబాయి ఆయన ముఖమే చూసింది.

"పాలు తాగుతుండా?"

"తాగుతుండు సార్."

"డొక్కలు లోపలికి గుంజుతలేవు. పెదవులు నీలం కాలేదు. జలుబే అమ్మా. జ్వరానికి మందిస్త. పాలు మాటిమాటికి పట్టు, ముక్కు శుభ్రం జెయ్యి. డొక్కలు గుంజినా, పాలు మానినా, ఊపిరి ఉరికినా గప్పుడే తీస్కరా. ఏ శకునానికీ ఆగకు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుటినుంచి మొదటిసారి నవ్వింది కూడా.

డాక్టరు జనంవైపు తిరిగాడు. "ఈ జలుబు, తుమ్మితే ఒకరినుంచి ఒకరికి అంటుతది. పిల్లోనికి గాలి రానియ్యుండ్రి."

పిల్లవాడు కళ్లు చికిలించి, నోరు తెరిచి, ఒక్కటంటే ఒక్క తుమ్ము తుమ్మాడు.

ఇల్లు ఖాళీ అయింది. బండ్లు కదిలాయి. అందరికంటే ముందు గడప దాటిన సారక్కకు, అది తన ఇల్లేనన్న సంగతి సందు చివర గుర్తొచ్చింది.