మూడు పొగలు, ఒక్క మామగారు

ఆదివారం ఉదయం పళ్ల డాక్టరు వేసుకున్న పథకం సాదాసీదాది. మాంసాన్ని పొగతో మగ్గబెట్టే స్మోకర్లు దుకాణంలో మూడు రకాలు చూసి మనసు పారేసుకున్నాడు. కట్టెలదా, బొగ్గులదా, రంపపు పొట్టు గుళికలు వేస్తే కరెంటు మీద నడిచేదా? ఎటూ తేల్చుకోలేక, దుకాణదారుణ్ణి బతిమాలి మూడింటినీ ఒక్కరోజుకు తెచ్చుకున్నాడు. మూడింట్లో మూడు కోళ్లు పెడతాడు. మామగారు తిని దేన్ని బాగుందంటే దాన్నే కొంటాడు.

చిక్కల్లా అక్కడే. పెళ్లయిననాటి నుంచీ అల్లుడు చేసిన ఏ పనినీ మామగారు బాగుందనలేదు. అల్లుడు పెట్టిన పళ్లతో నములుతూ కూడా అనలేదు. ఆ ఒక్క మాట కోసం డాక్టరు మొహం వాచి ఉన్నాడు.

పెరట్లో పెట్టిన స్మోకర్ల మూడు గొట్టాల్లోంచి సన్నటి నీలిపొగ లేచింది. డాక్టరు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"చూడవే, ఎంత అందంగా ఉందో!"

"పొగలో అందమేంటండీ? ఆరేసిన చీరలు తీసేదాకా ఆగలేకపోయారా?" అంది భార్య. అన్నదే గాని, చీరల సంగతి మరిచి తనూ అలాగే చూస్తూ ఉండిపోయింది.

మామగారు ఫైర్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. పొగ కనిపిస్తే ఆయన చేతులు ఊరుకోవు. అల్లుడు లోపలికి వెళ్లగానే స్మోకర్ల గాలి కన్నాలన్నీ మూసేశారు. అల్లుడు వచ్చి, మంట ఆరిపోతోందని కన్నాలు తెరిచి ఇంకాస్త బొగ్గూ, రెండు కట్టెలూ, గుప్పెడు గుళికలూ వేసి వెళ్లాడు. ఆయన మళ్లీ మూశారు. మధ్యాహ్నం దాకా ఇదే వరస. నీలిపొగ తెల్లగా చిక్కబడి, గోడ దాటి పక్కింటి మేడెక్కింది.

"మామయ్యగారూ, మీరేమైనా ముట్టుకున్నారా?"

"నాకేం పని?" అన్నారాయన, మసి చేతులు వెనక్కి పెట్టుకుని.

పక్కింటావిడ హడలిపోయి ఫైర్ స్టేషనుకు ఫోన్ చేసింది. ఎర్రబండి గంట కొట్టుకుంటూ వచ్చింది. పైపులతో దూకినవాళ్లు పొగలో మామగారిని చూసి ఠక్కున ఆగి సెల్యూట్ కొట్టారు.

"మంట ఎక్కడ సార్?"

ఆయనకు ఎక్కడలేని హుషారూ వచ్చింది. "నీళ్లు కొట్టకండి! ముందు లోపల చిక్కుకున్నవాళ్లని బయటికి తీయండి!"

లోపల చిక్కుకున్నవి కోళ్లే. మూడింటినీ భద్రంగా తీసుకొచ్చి ఒకే పళ్లెంలో పడుకోబెట్టారు.

మామగారు మొదటిదాన్ని రుచి చూసి చేదన్నారు. రెండోది ఇంకా పచ్చిగా ఉందన్నారు. మూడోది ముట్టుకోగానే ఎముక దానంతటదే జారింది. ముక్క నోట్లో పెట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నారు. ఫైర్ సిబ్బంది ఎందుకో హెల్మెట్లు తీసి చేత పట్టుకున్నారు.

"బాగుంది," అన్నారు మామగారు.

డాక్టరు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అప్పటికి పొగ మొత్తం పోయింది.

"ఇంతకీ ఇది దేంట్లోది?" అని అడిగాడు.

సిబ్బంది మొహమొహాలు చూసుకున్నారు. "ఆ కంగారులో ఎవరు చూశారు సార్?"

మామగారు గొంతు సవరించుకున్నారు. "అయితే మళ్లీ పెట్టి చూడాల్సిందే అల్లుడూ. ఈసారి కూడా కన్నాలు నేనే మూస్తాలే."

ఏ స్మోకరు కొనాలన్నది ఇంకా తేలలేదు గాని, వచ్చే ఆదివారం భోజనానికి రమ్మని ఫైర్ స్టేషనుకు ముందే చెప్పి ఉంచారు.